256 జీబీ తీసుకుంటే ఫోన్ స్పీడ్ కూడా పెరుగుతుందా?

ప్రశ్న: నమస్తే సార్. మాది జగిత్యాల. ఇంట్లోనే మగ్గం వర్క్, బ్లౌజుల పని చేయిస్తాను. ముగ్గురు కారీగర్లు ఉన్నారు. డిజైన్ల ఫొటోలు, కస్టమర్లతో వాట్సాప్, రీల్స్ అన్నీ ఫోన్‌లోనే. ఇప్పుడున్న 64 జీబీ ఫోన్ కొని నాలుగేళ్లయింది. ఎప్పుడు చూసినా మెమరీ ఫుల్ అంటుంది, ఒక్కోసారి కెమెరా తెరుచుకోవడానికే పది సెకన్లు పడుతోంది. ఇరవై వేల లోపు కొత్తది చూస్తున్నాను. ఒకే మోడల్‌లో 6 జీబీ ర్యామ్‌తో 128 జీబీ ఒకటి, 8 జీబీ ర్యామ్‌తో 256 జీబీ ఒకటి ఉన్నాయి. తేడా మూడు వేలు. మా మేనల్లుడు "అత్తా, 256 తీసుకో, స్టోరేజ్ ఎక్కువుంటే స్పీడ్ కూడా డబుల్ ఉంటది" అంటున్నాడు. షాపాయనేమో "స్పీడ్ రెండిట్లో ఒకటే మేడమ్, చోటు ఒక్కటే తేడా" అన్నాడు. ఎవరి మాట నమ్మాలి? మూడు వేలంటే నాకు చిన్న మొత్తం కాదు.

జవాబు: మీ మేనల్లుడు చెప్పినదాంట్లో నిజం ఉంది. షాపాయన మాటలో కూడా ఉంది. కానీ ఇద్దరిలో ఎవరూ మీ పాత ఫోన్ ఎందుకు అలా అయిందో చెప్పలేదు. మీకు అన్నిటికంటే అవసరమైన సంగతి అదే. ముందు నా సలహా చెప్పేస్తాను: మీ పనికి 256 తీసుకోండి. స్పీడ్ డబుల్ అవుతుందని మాత్రం కాదు, చోటు కోసం, దానితో వచ్చే 8 జీబీ ర్యామ్ (తెరిచిన యాప్‌లను ఫోన్ చేతికి అందేలా పెట్టుకునే చోటు) కోసం. డబ్బు కట్టేముందు షాపులో ఒక్క ప్రశ్న అడగాలి. అదేమిటో కింద చెబుతాను.

స్టోరేజ్ సైజును బట్టి స్పీడ్ ఎందుకు మారుతుందో మీకు చెప్పడం సులువు, ఎందుకంటే ఆ దృశ్యం రోజూ మీ ఇంట్లోనే ఉంటుంది. మగ్గానికి బట్ట బిగించి నలుగురు కారీగర్లు నాలుగు వైపులా కూర్చుంటే చీర అంచు ఎంత త్వరగా అవుతుంది? ఒక్కరే కూర్చుంటే ఎంతసేపు పడుతుంది? ఫోన్ స్టోరేజ్ కూడా లోపల ఒకే ముక్క కాదు. సన్నటి సిలికాన్ ముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చి ఒకే నల్ల చిప్పులా కనిపించేట్టు చేస్తారు. 64 జీబీకి అలాంటి ముక్క ఒకటో రెండో ఉంటే, 256 జీబీకి రెండో నాలుగో ఉంటాయి. పెద్ద ఫైల్ వచ్చినప్పుడు లోపలి కంట్రోలర్ దాన్ని ముక్కలు చేసి అన్నిటికీ ఒకేసారి పంచుతుంది. చేతులు ఎక్కువుంటే పని తొందరగా అవుతుంది. ముఖ్యంగా రాసేటప్పుడు ఈ తేడా కనిపిస్తుంది, ఎందుకంటే ఈ రకం మెమరీలో చదవడం కంటే రాయడానికి చాలా ఎక్కువ సమయం పడుతుంది.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ 2016లో వచ్చిన ఐఫోన్ 7. అప్పట్లో పరీక్షించినవాళ్లు 32 జీబీ ఫోన్ సెకనుకు సుమారు 42 ఎంబీ మాత్రమే రాస్తోందని, 128 జీబీది 341 ఎంబీ దాకా రాస్తోందని తేల్చారు. ఒకే పేరు, ఒకే ప్రాసెసర్, పైకి ఒకే ఫోన్, రాసే స్పీడ్‌లో మాత్రం ఎనిమిది రెట్ల తేడా. లాప్‌టాప్‌లలోనూ ఇదే జరిగింది. 2022లో వచ్చిన ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 256 జీబీ మోడల్‌కు ఒకే స్టోరేజ్ చిప్పు పెట్టారు. దాంతో రెండు చిప్పులున్న 512 జీబీ దానితో పోలిస్తే స్పీడ్ దాదాపు సగానికి పడిపోయింది. 2024లో ఎం3 మోడల్ వచ్చినప్పుడు 256కి కూడా మళ్లీ రెండు చిప్పులు పెట్టారు. ఇంకో సంగతి, ఈ సిలికాన్ ముక్కలు ఏటేటా పెద్దవవుతున్నాయి. ఇప్పుడు ఒక్క ముక్కలోనే 64 జీబీ, 128 జీబీ పట్టేలా చేస్తున్నారు. కాబట్టి ఒకప్పుడు పెద్ద స్టోరేజ్ అనిపించుకున్న 128 ఇప్పుడు ఒకరిద్దరు కారీగర్లతో నడిచే చిన్న కార్ఖానా అయిపోయింది. మీ మేనల్లుడు ఎక్కడో ఇలాంటిదే చదివి ఉంటాడు, ఆ అబ్బాయి గాలిమాట చెప్పలేదు.

మరి ఇంత తేడా ఉంటే రోజూ వాడేటప్పుడు తెలియాలి కదా? ఇక్కడ మళ్లీ మగ్గం దగ్గరికే వద్దాం. బ్లౌజు మెడ మీద ఒక చిన్న బుట్టీ వేయాలి, అంతే పని. నలుగురు కారీగర్లను కూర్చోబెట్టినా సూది పట్టేది ఒక్కరే, మిగతా ముగ్గురు చూస్తూ కూర్చుంటారు. రోజువారీ వాడకంలో ఫోన్ చేసే పని ఎక్కువగా ఇలాంటి బుట్టీల పనే. వాట్సాప్ తెరిస్తే అక్కడో చిన్న ఫైల్, ఇక్కడో చిన్న ఫైల్ చదువుతుంది. కాంటాక్ట్స్, మెసేజీలు, ఫొటోల చిన్న బొమ్మలు, యాప్‌ల లోపలి డేటా, అన్నీ చిన్న చిన్న తునకలు. ఇవి ఎంత త్వరగా దొరుకుతాయనేది ముక్కల సంఖ్య కంటే చిప్పు రకం మీద, ప్రాసెసర్ మీద, ర్యామ్ మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ప్రకటనల్లో వేసే "సెకనుకు ఇన్ని వేల ఎంబీ" అనే అంకె ఒకే పెద్ద ఫైల్‌ను వరుసగా చదివినప్పటిది. అది మీ రోజులో ఎప్పుడో ఒకసారి వచ్చే పని.

పెద్ద ఫైల్ వచ్చినా చాలాసార్లు అడ్డుపడేది స్టోరేజ్ కాదు. లెక్క వేసి చూద్దాం. మీ ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉందనుకుందాం. అది బిట్ల లెక్క, ఎంబీల్లోకి మార్చడానికి ఎనిమిదితో భాగిస్తే సెకనుకు గరిష్ఠంగా 12.5 ఎంబీ వస్తుంది. ఆ ఐఫోన్ 7 చిన్న మోడల్ రాసే 42 ఎంబీ కూడా దానికి మూడింతలు. వీడియో సంగతికి వస్తే, ఆపిల్ సొంత లెక్క ప్రకారం సెకనుకు 60 ఫ్రేమ్‌లతో 4కే వీడియో తీస్తే నిమిషానికి 400 ఎంబీ అవుతుంది. సెకనుకు ఏడు ఎంబీ కూడా కాదు. కంప్యూటర్‌కు వైరు పెట్టి కాపీ చేస్తున్నారా? మధ్య ధరలో వచ్చే చాలా ఫోన్లకు అడుగున టైప్-సీ రంధ్రం ఉన్నా లోపల నడిచేది పాత యూఎస్‌బీ 2.0 వేగమే. కాగితం మీద సెకనుకు 60 ఎంబీ, చేతికి వచ్చేది 40 దరిదాపుల్లో. లోపల స్టోరేజ్ ఎంత వేగంగా ఉన్నా ఆ సన్నటి గొట్టంలోంచే బయటికి రావాలి. అందుకే షాపాయన "స్పీడ్ ఒకటే" అన్నాడంటే, చేతిలో పట్టుకుని వాడే మనిషికి అది చాలావరకు నిజమే.

స్టోరేజ్ వేగం నిజంగా అవసరమయ్యే పనులు లేకపోలేదు. ఐఫోన్ 13 ప్రో వచ్చినప్పుడు 2021లో ప్రోరెస్ అనే రకం వీడియో ఇచ్చారు. 4కేలో తీస్తే అది నిమిషానికి 6 జీబీ తింటుంది, అంటే సెకనుకు 100 ఎంబీ. 128 జీబీ ఫోన్‌లో దాన్ని 1080పీకే పరిమితం చేశారు, 4కే కావాలంటే 256 గానీ అంతకంటే పెద్దది గానీ కొనాల్సిందే. అయితే అక్కడ కూడా చోటు లెక్క చూడండి. ఖాళీగా ఉన్న 128 జీబీ మొత్తం ఇచ్చినా ఇరవై నిమిషాల్లో నిండిపోతుంది. సినిమాల వాళ్లకు, పెళ్లి వీడియోలు తీసేవాళ్లకు అది అవసరం. మీ రీల్స్‌కు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. మీరు షాపులో అడగాల్సింది "స్పీడ్ ఎంత?" అని కాదు. "128లో ఏ రకం స్టోరేజ్, 256లో ఏ రకం స్టోరేజ్?" అని.

ఫోన్లలో ప్రధానంగా రెండు రకాలు ఉంటాయి. పాతది ఈఎంఎంసీ, కొత్తది యూఎఫ్ఎస్. ఈఎంఎంసీ మన ఊళ్లలో ఉండే పాత ఒంటి వరస వంతెన లాంటిది. అటునుంచి బస్సు వస్తుంటే ఇటువాళ్లు ఆగాలి. ఒక సమయంలో చదవడమో రాయడమో ఒకటే చేయగలదు. యూఎఫ్ఎస్‌కు రెండు దారులు ఉంటాయి, వచ్చేవి వస్తాయి, పోయేవి పోతాయి. రోజువారీ వాడకంలో మనిషికి కచ్చితంగా తెలిసే తేడా ఇదే. వెనకాల ప్లే స్టోర్ పది యాప్‌లను అప్‌డేట్ చేస్తుంటే, ఈఎంఎంసీ ఫోన్‌లో మీరు కెమెరా నొక్కినా తెర అలా బిగుసుకుపోతుంది. చదవాల్సిన పని రాసే పని వెనక క్యూలో నిలబడి ఉంటుంది. యూఎఫ్ఎస్ ఫోన్‌లో ఆ బాధ చాలా తక్కువ. ఈఎంఎంసీ 5.1 దారి మొత్తం వెడల్పే సెకనుకు 400 ఎంబీ. యూఎఫ్ఎస్ 2.2 చిప్పులు వెయ్యి ఎంబీ దగ్గరిదాకా చదువుతాయి, 3.1వి రెండు వేల దరిదాపులకు వెళ్తాయి. 2022లో శాంసంగ్ ప్రకటించిన యూఎఫ్ఎస్ 4.0 అయితే చదవడానికి 4,200, రాయడానికి 2,800 ఎంబీ అని లెక్క. నా అభిప్రాయం అడిగితే, ఈఎంఎంసీ నుంచి యూఎఫ్ఎస్ 2.2కి మారినప్పుడు మీకు వెంటనే తెలుస్తుంది. 3.1 నుంచి 4.0కి మారితే పెద్ద గేమ్‌లు ఆడేవాళ్లకు తప్ప ఎవరికీ పెద్దగా తెలియదు.

ఒకే మోడల్ పేరు కింద సైజును బట్టి రకం కూడా మారుతుంటుంది. సైజుకూ స్పీడ్‌కూ ముడి నిజంగా పడేది ఇక్కడే. 2020 చివర్లో వచ్చిన పోకో ఎం3లో 64 జీబీ మోడల్‌కు యూఎఫ్ఎస్ 2.1, 128 జీబీకి యూఎఫ్ఎస్ 2.2. ఖరీదైన ఫోన్లలోనూ అంతే. 2023లో వచ్చిన గెలాక్సీ ఎస్23లో 128 జీబీ దానికి యూఎఫ్ఎస్ 3.1, 256కి 4.0. వన్‌ప్లస్ 11లోనూ ఇదే ఏర్పాటు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేది జీబీ అంకె ఒక్కటే, ఈ సంగతి వెతికితే తప్ప కనిపించదు. ఒక్కోసారి కంపెనీ చెప్పింది కూడా తప్పు కావచ్చు. 2024లో వన్‌ప్లస్ 12ఆర్ 256 జీబీ ఫోన్‌లో యూఎఫ్ఎస్ 4.0 ఉందని చెప్పి అమ్మారు. తర్వాత అది 3.1 మాత్రమేనని కంపెనీయే ఒప్పుకుంది, కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇస్తామంది. 2017లో హువావే పీ10లో ఇంకా విచిత్రం, ఒకే మోడల్ కొన్నవాళ్లలో కొందరికి యూఎఫ్ఎస్, కొందరికి ఈఎంఎంసీ వచ్చాయి. సరఫరా సరిపోక అలా జరిగిందని కంపెనీ చెప్పింది. కొన్నవాళ్లకు ఆ సంగతి ముందే తెలిసే దారి ఉండాల్సింది. స్టోరేజ్ రకాన్ని ప్రతి సైజుకూ విడివిడిగా పెట్టె మీదే ముద్రించాలని నేను గట్టిగా నమ్ముతాను.

కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో స్పెసిఫికేషన్ల పేజీ తెరిచి "స్టోరేజ్" అన్న చోట చూడండి. చిన్న అక్షరాల్లో నక్షత్రం గుర్తు పెట్టి కింద రాసింది కూడా చదవండి. సైజును బట్టి తేడా ఉంటే చాలాసార్లు అక్కడే రాస్తారు. అసలు రకం పేరే రాయలేదంటే నేనైతే ఈఎంఎంసీ అనే అనుకుంటాను. డెమో ఫోన్ షాపులో ఉంటే, మీ మేనల్లుడిని తోడు తీసుకెళ్లి ఆండ్రోబెంచ్ లాంటి ఉచిత యాప్ ఒకటి వేసి పరీక్షించమనండి. వరుసగా చదివే వేగం మూడు వందల ఎంబీ లోపే ఆగిపోతే అది ఈఎంఎంసీ అయి ఉంటుంది. ఐదు వందలు దాటితే యూఎఫ్ఎస్. ఇరవై వేల లోపు ఫోన్‌లో యూఎఫ్ఎస్ 2.2 ఉంటే మీకు చాలు, అంతకు మించి వెతకాల్సిన పని లేదు. రెండు సైజుల్లోనూ అదే ఉంటే, షాపాయన మాట మీ ఫోన్ విషయంలో నిజమైనట్టే.

ఇక మీ పాత ఫోన్. పది సెకన్లు కెమెరా తెరుచుకోకపోవడానికి నాకు తోచే మొదటి కారణం, అది అంచుల దాకా నిండిపోవడం. ఈ రకం మెమరీకి ఒక స్వభావం ఉంది. పలక మీద సుద్దతో రాసినట్టు ఒక్క అక్షరం చెరిపి అక్కడే మళ్లీ రాయలేదు. నోటుబుక్కులో పెన్నుతో రాసినట్టు రాస్తుంది. ఒక లైను అక్కర్లేదంటే దాన్ని కొట్టేసి ఊరుకుంటుంది. ఆ పేజీలను మళ్లీ వాడుకోవాలంటే, పనికొచ్చే లైన్లను వేరే ఖాళీ పేజీలోకి ఎత్తిరాసి, పాత పేజీలన్నీ ఒక్కసారిగా తుడిచేయాలి. బుక్కులో ఖాళీ పేజీలు బోలెడు ఉన్నప్పుడు ఈ పని తీరిగ్గా రాత్రిపూట చేసుకుంటుంది. రెండు మూడు పేజీలే మిగిలినప్పుడు మీరు ఫొటో తీసిన క్షణంలోనే ఎత్తిరాయడం, తుడవడం, మళ్లీ రాయడం అన్నీ చేయాలి. అప్పుడే ఫోన్ హ్యాంగ్ అయినట్టు ఉంటుంది.

ఇంకో కారణం కూడా ఉంది. యూఎఫ్ఎస్ 2.2, 3.1 ఫోన్లలో వచ్చే ఫైళ్లను ముందు ఒక వేగవంతమైన చోట గబగబా పడేసి, తర్వాత సర్దుకునే ఏర్పాటు ఉంటుంది. మీ ఇంట్లో పండగ రద్దీ అప్పుడు వచ్చిన గుడ్డలన్నీ ముందు బల్ల మీద పెట్టించుకుని, కస్టమర్లు వెళ్లాక అరల్లో సర్దుతారు కదా, అలాగే. మామూలుగా ఒక్కో గదిలో మూడు బిట్లు దాచే మెమరీని కాసేపు ఒక్క బిట్‌తోనే వాడుతుంది, అందుకే రాయడం వేగంగా అవుతుంది. ఈ బల్ల వేయడానికి ఖాళీ చోటు కావాలి. ఫోన్ నిండే కొద్దీ చాలా ఫోన్లలో బల్ల చిన్నదవుతూ వస్తుంది. కొత్తగా ఉన్నప్పుడు చిరుతలా పరిగెత్తిన ఫోన్ రెండేళ్లకు ఈడ్చుకుంటూ నడవడానికి ఇదొక కారణం. పెద్ద స్టోరేజ్ ఫోన్ ఎక్కువ కాలం స్పీడ్‌గా ఉండటానికి కూడా ఇదే కారణం, అందులో ఖాళీ ఎక్కువ కాలం మిగులుతుంది.

ఇది పుస్తకాల మాట కాదు. 2012లో వచ్చిన నెక్సస్ 7 టాబ్లెట్ వాడినవాళ్లకు గుర్తుంటుంది. కొన్ని నెలలకే అది నడవలేని స్థితికి వచ్చింది, నిండిపోతే మరీ ఘోరం. చెరిపేసిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని స్టోరేజ్‌కు చెప్పే ట్రిమ్ అనే పనిని 2013లో ఆండ్రాయిడ్ 4.3తో చేర్చాక చాలామందికి ఊపిరి వచ్చింది. ఆ పని ఇప్పటి ఫోన్లన్నిటిలో తనంత తానే జరుగుతుంది, మామూలుగా ఎవరూ వాడకుండా ఛార్జింగ్‌లో ఉన్న సమయంలో.

మా అమ్మ ఫోన్ కూడా ఇలాగే అయింది. 32 జీబీ ఫోన్, అందులో ఖాళీ 300 ఎంబీ. కాల్ వస్తే పేరు కనిపించేలోపే కాల్ కట్ అయ్యేది. కొత్తది కొందామని బయల్దేరాం. ఆ రోజు షాపు మూసి ఉండటంతో ఇంటికొచ్చి కూర్చుని వాట్సాప్‌లో పేరుకున్న గుడ్ మార్నింగ్ బొమ్మలు, పాటల వీడియోలు తీసేశాను. తొమ్మిది జీబీ ఖాళీ అయింది. రాత్రి ఛార్జింగ్ పెట్టి వదిలేశాం. పొద్దున్నే అమ్మ చెల్లెలికి వీడియో కాల్ చేసి "ఫోన్ బాగైంది" అని చెబుతుంటే విన్నాను. ఆ ఫోన్ ఇంకో ఏడాదిన్నర నడిచింది. కాబట్టి ముందు మీ పాత ఫోన్‌కు ఈ పని చేయండి. కొత్తది కొనడానికి తొందర తగ్గుతుంది, తొందర తగ్గితే మంచి ధర కోసం ఆగగలుగుతారు.

ఎలాగంటే, వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్. 5 ఎంబీ కంటే పెద్ద ఫైళ్లు, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి వేరువేరుగా చూపిస్తుంది. కస్టమర్లు పంపిన కొలతల ఫొటోలు ముందు వేరే చోట దాచుకుని, మిగతావి అక్కడి నుంచే తీసేయండి. ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆపేయండి. మీరు ఉన్న ఫ్యామిలీ గ్రూపుల్లో వచ్చే ప్రతి వీడియో మీ ఫోన్‌లో దిగాల్సిన అవసరం లేదు. ఇక్కడ ఒక జాగ్రత్త. గతంలో ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ (చాట్ల నకలు) గూగుల్ ఖాతాలో చోటు లెక్కలోకి రాకుండా ఉండేది. 2024 నుంచి అది కూడా ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే లెక్కకు వస్తోంది. జీమెయిల్, ఫొటోలు, వాట్సాప్ మూడూ అందులోనే సర్దుకోవాలి. మీ డిజైన్ల ఫొటోలకు అది సరిపోదు. ఒక చిన్న ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ లాంటిదే, ఇంకా వేగమైనది) గానీ హార్డ్ డిస్క్ గానీ కొనుక్కుని నెలకోసారి అందులోకి ఎక్కించండి. మీ ఇన్నేళ్ల డిజైన్లు మీ ఆస్తి, అవి ఒక్క ఫోన్‌లోనే ఉండటం నాకు భయంగా ఉంది.

ఇప్పుడు మూడు వేల లెక్క. మీరు రోజుకు వంద ఫొటోలు తీస్తారనుకుందాం, ఒక్కోటి 4 ఎంబీ. రోజుకు 400 ఎంబీ. మామూలు 1080పీ వీడియో పది నిమిషాలు తీస్తే, నిమిషానికి 60 ఎంబీ చొప్పున ఇంకో 600. మొత్తం రోజుకు 1 జీబీ. నెలలో పాతిక రోజులు పని చేస్తే 25 జీబీ. 128 జీబీ ఫోన్‌లో సొంత సాఫ్ట్‌వేర్, యాప్‌లు, వాట్సాప్ పోగా మీ చేతికి వచ్చేది ఎనభై జీబీ అనుకోండి, మూడు నెలల్లో నిండుతుంది. 256లో రెండు వందలు మిగిలితే ఎనిమిది నెలలు. ఎలాగూ బయటికి ఎక్కించుకోక తప్పదు. కానీ ఒక నెల పెళ్లిళ్ల సీజన్‌లో మర్చిపోతే 128 ఫోన్ మీ పీకల మీదికి వస్తుంది, 256 ఫోన్ ఓర్చుకుంటుంది. ఫొటోలు తక్కువ తీసేవాళ్లు, పాటలూ సినిమాలూ ఆన్‌లైన్‌లోనే చూసేవాళ్లు నన్ను అడిగితే 128 చాలు, ఆ మూడు వేలు దాచుకోండి అనేవాడిని. మీ పని వేరు.

రెండోది ర్యామ్. ఇది చాలామంది గమనించరు. "256 ఫోన్ ఫాస్ట్‌గా ఉంది" అని చెప్పేవాళ్లలో చాలామంది అనుభవించేది స్టోరేజ్ వేగం కాదు, దానితో పాటు వచ్చిన ఎక్కువ ర్యామ్. మన దగ్గర రెండిటినీ మెమరీ అనే అంటాం, అందుకే కలిసిపోతాయి. మీరు కస్టమర్‌తో వాట్సాప్‌లో ఉండి, కెమెరాకు వెళ్లి ఫొటో తీసి, గ్యాలరీలో చూసి, ఇన్‌స్టాగ్రామ్‌లో వేసి మళ్లీ వాట్సాప్‌కు వస్తారు. 6 జీబీ ఫోన్‌లో ఈలోపు వాట్సాప్ మూసుకుపోయి మళ్లీ మొదటి నుంచి తెరుచుకోవచ్చు. 8 జీబీలో అక్కడే ఆగి ఉండే అవకాశం ఎక్కువ. మీ మూడు వేలలో నాకు సగం విలువ ఇక్కడే కనిపిస్తోంది. "ర్యామ్‌ను ఇంకో 8 జీబీ పెంచుకోవచ్చు" అని సెట్టింగ్స్‌లో ఒక మీట ఉంటుంది, దాన్ని చూసి 6 జీబీ తీసుకోకండి. అది స్టోరేజ్‌లో కొంత చోటును ర్యామ్‌లా వాడుకోవడం మాత్రమే. స్టోరేజ్ ఎంత వేగమైనదైనా ర్యామ్ అంత వేగం కాదు, పైగా మీకు కావాల్సిన చోటే పోతుంది.

మెమరీ కార్డు వేసుకుంటే సరిపోదా అని ఎవరైనా అంటారు. ఫోన్‌లో దానికి చోటుంటే ఫొటోలు, వీడియోలు దాచడానికి బాగుంటుంది. యాప్‌లు మాత్రం అందులోకి పంపకండి. ఇందాక చెప్పిన బుట్టీల పనిలో కార్డులు బాగా వెనకబడతాయి. కార్డు కొంటే దాని మీద ఏ1 లేదా ఏ2 గుర్తు ఉందేమో చూడండి, చిన్న ఫైళ్లతో చేసే పనికి కనీస వేగం హామీ ఇచ్చే గుర్తులు అవి.

కొత్త ఫోన్ తెచ్చాక దాన్ని నిండనివ్వకండి. ఐదోవంతు ఖాళీ ఉంచడం నా అలవాటు, 256లో అది యాభై జీబీ. ఆ గీత దాటగానే హార్డ్ డిస్క్ తీయండి. పాత ఫోన్‌ను ఎక్స్‌చేంజ్‌లో వెయ్యి రూపాయలకు ఇచ్చేయకండి. మీకు కావాల్సినవన్నీ బయటికి తీసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేసి, వాట్సాప్ లేకుండా, మీ డిజైన్ల ఫొటోలు మాత్రం పెట్టి కారీగర్ల మగ్గం పక్కన స్టాండుకు తగిలించండి. ఖాళీగా ఉన్న 64 జీబీ ఆ పనికి ధారాళంగా సరిపోతుంది, ఏ రంగు జరీ ఎక్కడ వేయాలో అడగడానికి వాళ్లు మాటిమాటికీ మీ ఫోన్ తీసుకోవాల్సిన అవసరం ఉండదు.